ఐదు చుక్కల ఫోటో

"మచ్చ కనవడ్తే గీకెయ్యాలె. ప్రతిదానికి నన్నడుగుడేంది?" పెళ్లి నెగెటివ్ పట్టుకొచ్చిన భార్య మీద పండరి కస్సుమన్నాడు. బాన్సువాడలో వాళ్ల ఫోటో స్టూడియోలో నెగెటివ్‌ల మీది మచ్చలు బ్లేడుతో గీకేది రోజారాణే.

రెండువేల రెండు, మే నెల. ఆ సాయంత్రం ఆమెకు కూడా చెప్పకుండా నస్రుల్లాబాద్ దారిలో కాలువ గట్టెక్కాడు. పడమటి ఆకాశంలో శుక్రుడు, గురుడు, శని, అంగారకుడు, బుధుడు ఒక్కచోట చేరారు. మళ్లీ ఇట్లా కనిపించేది ముప్పై ఎనిమిదేళ్లకట. అప్పటికి తనుంటాడా?

మబ్బు కమ్ముకొస్తోంది. ఒక్క ఫోటోకే టైముంది. షట్టర్ తెరిచి ఊపిరి బిగబట్టాడు. దూరంగా లారీ చప్పుడు. లైటు పడితే అంతా పోయినట్టే.

పడలేదు.

ఇంటికొచ్చి రీలు కడిగాడు. నెగెటివ్ మీద ఐదు నల్లచుక్కలు తేలాయి. ఆరేసి పడుకున్నాడు, నిద్ర పడితే కదా.

తెల్లారి దీపానికెదురుగా పెట్టి చూస్తే గట్టుంది, ఆకాశముంది. చుక్కల్లేవు.

"రోజా! గీ నెగెటివ్ ముట్టినవా?"

ఆమె చేతిలో బ్లేడు అట్లాగే ఉంది.

"ఐదు మచ్చలుండె. నిన్నడుగుదామనే వచ్చిన... తిడ్తవని గీకేసిన."