రాసిచ్చిన ఓటమి

"అరగంట దాకా చూస్తాను. ఆపైన ఒక్క నిమిషం కూడా ఆగేది లేదు," అన్నాడు ప్రాంతీయ ఫుట్‌బాల్ సంఘం పంపిన కమిషనర్. మైదానం పక్కన మడతబల్ల వేసుకుని, దాని మీద ఫైలు, పెన్ను, చేతిగడియారం పెట్టుకుని కూర్చున్నాడాయన.

బస్సు డిపో జట్టు ఎప్పుడో సిద్ధమైపోయింది. రావాల్సింది మిల్లు జట్టు. మిల్లు మూతపడి నాలుగు నెలలైంది, ఆటగాళ్లు పని వెతుక్కుంటూ తలో దిక్కూ పోయారు. ఇప్పటికి రెండు మ్యాచ్‌లు ఎగ్గొట్టారు. మూడోదీ ఎగ్గొడితే సంఘం వాళ్లను లీగ్ నుంచే తీసేస్తుంది.

డిపో వాళ్లకి అంతకన్నా ఏం కావాలి? ఇది సీజన్లో ఆఖరి మ్యాచ్. పట్టికలో అట్టడుగున మిల్లు, దానికన్నా ఒక్క పాయింటు ఎక్కువతో డిపో. ఇద్దరిలో ఒకరు కింది డివిజన్‌కి పోక తప్పదు. మిల్లు వాళ్లు రాకపోతే కాలు కదపకుండా గట్టెక్కినట్టే. కెప్టెన్ అప్పుడే బూట్ల లేసులు వదులు చేసుకుంటున్నాడు.

డిపో వాళ్లలో ఒక్క కోచ్ మొహంలోనే నెత్తురుచుక్క లేదు. బెంచీ దగ్గర అటూ ఇటూ తిరుగుతూ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. బెంచీ చివర ఎవరూ కూర్చోని చోట పద్నాలుగో నంబరు జెర్సీ మడతపెట్టి ఉంది. ఆ పక్కగా వెళ్లినప్పుడల్లా దాన్ని సర్దుతున్నాడు.

పది నిమిషాలు మిగిలాయనగా ఒక వ్యాన్ వచ్చి ఆగింది. మిల్లు జట్టు మేనేజరు, డెబ్భై ఏళ్ల పెద్దాయన, దిగాడు. ఆయన వెనక ఆరుగురు. ఆట మొదలుపెట్టాలంటే కనీసం ఏడుగురు ఉండాలి.

"ఏడో మనిషి ఏడీ?" అన్నాడు కోచ్, ఎదురు పరిగెత్తి.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ఇంటింటికీ తిరిగానని, ఈ ఆరుగుర్ని దొరకబుచ్చుకోవడానికే తల ప్రాణం తోకకొచ్చిందని చెప్పాడు. ఇక వదిలెయ్యి నాయనా అని తనే కోచ్ భుజం తట్టాడు.

కోచ్ వదల్లేదు. కమిషనర్ దగ్గరికెళ్లి, మావాణ్ణొకణ్ణి వాళ్లకిస్తాను, ఆడించండి అన్నాడు. ఒక జట్టు గుర్తింపు కార్డు మీద ఇంకో జట్టుకి ఆడటం కుదరదన్నాడాయన. పోనీ ఇంకో పావుగంట ఆగమన్నాడు. గడియారం చూపించాడాయన. మీ జట్టు బతకడం మీకే ఇష్టం లేదా ఏమిటండీ అని విసుక్కున్నాడు కూడా.

"తీసేస్తే ఈ ఒక్క మ్యాచే పోతుందా సార్?"

"అన్నీ పోతాయి. ఈ సీజన్లో వాళ్లు ఆడిన ప్రతి మ్యాచ్ తుడిచేస్తాం. ఆడనట్టే లెక్క. మొదటి రౌండ్లో మీరు వాళ్ల మీద గెలిచిందీ ఉండదు. మీకేం నష్టం? ఎటూ డివిజన్లో ఉంటారుగా."

కోచ్ మడతబల్ల అంచు పట్టుకుని ముందుకు వంగాడు. గడియారంలో ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. అప్పుడు అడిగాడు, టైమ్ లోపల మేమే మ్యాచ్ వదులుకుంటున్నామని రాసిస్తేనో అని.

కమిషనర్ తలెత్తి చూశాడు. ముప్పై ఏళ్లలో ఆయన్ని ఎవరూ ఆ మాట అడగలేదు. రూల్ ఉందనీ, అప్పుడు మిల్లు వాళ్లు ఎంతమంది వచ్చారో తను లెక్కపెట్టక్కర్లేదనీ, మ్యాచ్ వాళ్లదే అవుతుందనీ చెప్పాడు. "కానీ కిందికి పోయేది మీరు. తెలిసే అడుగుతున్నారా?"

"కాగితం ఇవ్వండి సార్."

కెప్టెన్‌కి విషయం అర్థమయ్యేసరికి సంతకం సగం అయిపోయింది. ఒక్క ఉదుటున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నీకేమైనా మతి పోయిందా? డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా ఎనిమిది నెలలు ఈ బురదలో పొర్లాం. ఎవరికి అమ్ముడుపోయావు?"

కోచ్ చెయ్యి విడిపించుకుని మిగతా సగం సంతకం పెట్టాడు. కమిషనర్ టైమ్ వేశాడు, రెండు నిమిషాలు మిగిలి ఉండగా.

అంతే, డిపో జట్టు కింది డివిజన్‌కి పోయింది. ఒకడు నీళ్ల క్యాను తన్నాడు. ఇంకొకడు జెర్సీ విప్పి కోచ్ కాళ్ల మీదకి విసిరికొట్టి, వచ్చే ఏడు నువ్వే ఆడుకో అని వెళ్లిపోయాడు. గోల్‌కీపర్, ఇద్దరు పిల్లల తండ్రి, గోల్‌స్తంభానికి ఆనుకుని అందరూ చూస్తుండగానే ఏడ్చేశాడు. గెలిచిన మిల్లు వాళ్లు ఆరుగురూ తలలొంచుకుని వ్యానెక్కారు. ఏ మొహంతో సంబరపడతారు పాపం.

కోచ్ ఎవరి వైపూ చూడలేదు. మొదటి రౌండ్ స్కోరు కాగితం ఒక్కసారి చూపించమని కమిషనర్‌ని అడిగాడు. ఆయన ఫైలు తిరగేసి తీశాడు. డిపో ఒకటి, మిల్లు సున్నా.

"ఇదిక ఎవరూ తుడవరు కదా సార్?"

"తుడవరు. సంఘం ఉన్నంతకాలం ఉంటుంది." కమిషనర్‌కి ఒళ్లు మండిపోయింది. "ఈ ఒక్క కాగితం కోసం పదిహేను మందిని నట్టేట ముంచారా? ఏముందయ్యా ఇందులో?"

చల్లారని కోపంతో కెప్టెన్ వెనకే వచ్చి నిలబడ్డాడు. కోచ్ వేలు కాగితం మీద ఒక వరస కింద ఆగింది. ఎనభై ఎనిమిదో నిమిషం, పద్నాలుగో నంబరు.

"మా తమ్ముడు సార్. పదకొండేళ్లు బెంచీ మీదే కూర్చుని, ఈ ఒక్క గోల్ వేశాడు. ఇంకోటి వేస్తాడనుకుందామంటే పోయిన నెల నుంచి వాడు లేడు."