కోరలు పీకిన ఎంజైమ్

జపాన్‌లోని సెందాయ్‌లో సైన్సు సమావేశం. చిగుసా తన పరిశోధన పోస్టర్ పక్కన నిలబడి ఉంది.

తడిసిన రెయిన్‌కోటుతో ఒక ముసలాయన వచ్చి పోస్టరంతా చదివాడు. కదల్లేదు.

"ఈస్ట్ కణాల్లో పాడైన ప్రొటీన్లను తినేసే ఎంజైమ్, జన్యువుల్ని కూడా పలికిస్తోందంటావు."

"అవునండి. దాన్ని తీసేస్తే ఒక జన్యువు మూగబోతోంది."

"తీసెయ్యడం కాదు, కోరలు పీకి చూశావా? ఎంజైమ్ ఉండాలి, కొరకలేకుండా ఉండాలి. అప్పుడూ మూగబోతే, అది దేన్నో తింటేనే జన్యువు పలుకుతోందన్నమాట."

ఆ ప్రయోగం చిగుసాకు తట్టనేలేదు.

"అవన్నీ బయటికి చెప్పకూడదండి," అంది పొడిగా.

"మంచిదే. త్వరగా చెయ్యమ్మా. ఉద్యోగం ఎప్పటిదాకా?"

"మార్చి దాకా." నోరు జారింది.

ఆయన తలూపి, దగ్గుకుంటూ వెళ్లిపోయాడు.

పక్క పోస్టర్ దగ్గరున్న తాగామి నవ్వాడు.

"పేరు కార్డు తిప్పి వేసుకున్నాడు, చూశావా? ఒదగిరి ల్యాబ్ వేగు అయ్యుంటాడు. వాళ్లూ ఇదే పని మీదున్నారట. నీ నోటికాడ కూడు లాగేస్తారు!"

ఒదగిరి పేరు చెబితే ఆ రంగంలో అందరికీ హడల్. సమావేశాలకు రావడం ఎప్పుడో మానేశాడు. చిగుసా ఆయన్ని చూసింది లేదు.

ఆ రోజు నుంచి ముసలాయన గొంతు ఆమెను వదల్లేదు. రైల్లో, స్నానం తొట్టిలో, పులిసిన వాసన కొట్టే ల్యాబ్‌లో.

"కోరలు పీకి చూశావా?"

తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

చివరికి పీకి చూసింది. జన్యువు మూగబోయింది. దాని నోరు నొక్కుతున్న మరో ప్రొటీన్‌ను ఎంజైమ్ తినేస్తోందని తేలింది.

పొద్దున లేస్తే ఒకటే భయం, ఒదగిరి పేపర్ వచ్చేసిందేమోనని. రాలేదు. ఆమెదే అచ్చయింది. ఉద్యోగం నిలిచింది.

ఆ వారమే ఒదగిరి పోయాడని కబురు.

"పద, పోటీవాడైనా పెద్దాయన. దండం పెట్టి వద్దాం," అన్నాడు తాగామి.

అక్కడ తెల్లపూల మధ్య ఒదగిరి ఫోటో చూడగానే చిగుసా ఆగిపోయింది.

ఆ ముసలాయనే.

ఆయన దగ్గర పనిచేసిన ఇకుమి వచ్చి పలకరించింది.

"చిగుసా గారేనా? మీ పేపర్ ఆస్పత్రిలో ఆయనకు నేనే చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నారు."

"ఆయన్ని దొంగ అనుకున్నానండీ," అంది చిగుసా. "అంత పెద్ద ఆలోచన, నిలబడ్డచోటే ఆయనకెలా తట్టిందో!"

"అప్పటికప్పుడు తట్టిందా?" ఇకుమి కళ్లు తుడుచుకుంది. "అదంతా మీకంటే ముందే ఆయన ఒక్కరే చేసి, పేపర్ కూడా రాసుకున్నారు. సెందాయ్ నుంచి వచ్చీ రాగానే, 'ఇక ఇది నాది కాదు, ఆ పిల్లది' అని పక్కన పెట్టేశారు."