మంచం మీద ఓపీ

గుండెపోటుతో సీతమ్మధార ఆస్పత్రిలో చేరిన పల్లెటూరి డాక్టరు గురునాథరావు మంచం చుట్టూ ఆయన పేషెంట్లు లైను కట్టారు. ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపి, ఆయన ఒక్కొక్కరి నాడీ చూస్తున్నాడు.

"సార్, ఇక్కడ పేషెంటు మీరు!" అంది డ్యూటీ డాక్టరు. ఒకప్పుడు ఆయన దగ్గర పాఠాలు విన్న పిల్లే.

"నీ స్టెతస్కోపు ఇలా ఇయ్యమ్మా."

ఆమె విసురుగా బయటికొచ్చింది. వరండాలో చేపలమ్మే నూకాలు మిగతావాళ్ళని అదిలిస్తోంది.

"ఏటీ నేదని సెప్పకండి. గట్టిగా దగ్గండి. జబ్బు మనిసి కనబడకపోతే డాట్రుబాబు లెగడు."

డ్యూటీ డాక్టరు లోపలికి పరిగెత్తింది. "సార్, వీళ్ళెవరికీ జబ్బు లేదు!"

"ఆ మాత్రం తెలీకపోతే అప్పట్లో మీకేం పాఠం చెప్పినట్టు?" అంటూ ఆయన లేచి కూర్చున్నాడు. "అందరికీ విటమిన్ బిళ్ళలు రాయి. రేపు రాకపోతే ముదిరిపోతుందని భయపెట్టు."