రెండూ చెయ్యండి

“బైపాస్ ఒక్కటే చేస్తే ప్రమాదం తక్కువ,” అన్నాడు విశాఖపట్నం ఆసుపత్రిలో సర్జన్. “కాకపోతే వాల్వు లీకు అలాగే ఉండిపోవచ్చు. ఆయాసం తగ్గకపోతే పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండి చూసుకోవాలి. వాల్వు కూడా బాగుచేస్తే మళ్లీ లేచి తిరగొచ్చు. కానీ ఈయన గుండె బలహీనంగా ఉంది. అంత పెద్ద ఆపరేషన్ తట్టుకుంటుందని మాటివ్వలేను.”

మంచం మీద నుంచి క్రీస్తుదాసు భార్య వైపు చూశాడు. నర్సీపట్నం నుంచి నాతవరానికి షేర్ ఆటో తోలిన మనిషి, ఇప్పుడు బాత్రూము దాకా నడవలేకపోతున్నాడు.

“బైపాస్ సాలండీ,” అన్నాడు తమ్ముడు జీవన్ కుమార్. “మనిషి దక్కితే అదే పదివేలు. వదిన సూసుకుంటాది.”

“రెండూ చెయ్యండి,” అంది పరిమళ.

“టేబుల్ మీదే ఏటైనా అయితే వదినా?”

“మంచాన పడితే నేను సెయ్యలేను బాబూ.”

క్రీస్తుదాసు గోడకేసి తిరిగాడు.

“పరిమళ ఎలాగంటే అలాగే కానివ్వండి,” అన్నాడు.

ఆపరేషన్ అయ్యాక చాలా రోజులు వెంటిలేటర్ మీదే ఉన్నాడు. ఐసీయూ బయట వదినా మరుదులు చెరో బెంచీ మీద కూర్చున్నారు. ప్రార్థనకు వచ్చిన సంఘంవాళ్లు జీవన్ కుమార్ చేతులు పట్టుకుని ఓదార్చి, ఆమెను పలకరించకుండానే వెళ్లిపోయారు.

క్రీస్తుదాసు బతికాడు. కానీ ఇంటికొచ్చాక పరిమళ మరీ రాయిలా మారింది. డాక్టరు తిరగమన్న రోజు నుంచే అతన్ని పొయ్యి దగ్గర నిలబెట్టింది. తను చాప మీద పడుకుని పనులు చెప్పేది.

“సిన్న గిన్నె ఎట్టండి. ఉప్పు తగ్గించండి. మీ మాత్రలు మీరే సూసుకుని ఏసుకోండి, నన్నడక్కండి.”

ఒకరోజు జీవన్ కుమార్ చేపల కూర పట్టుకొచ్చాడు. అన్న గిన్నెలు తోముతున్నాడు. వదిన పడుకునే ఉంది.

“నీకసలు మనసున్నాదా వదినా?” అని, కూర గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మళ్లీ రాలేదు.

ఆదివారం క్రీస్తుదాసు చర్చి నుంచి ఒక్కడే నడిచొచ్చాడు. ఎక్కడా ఆగలేదు, ఆయాసపడలేదు. అన్నం వండి, చారు కాచి రెండు కంచాల్లో వడ్డించాడు. పరిమళ రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది.

“చారు బాగా కుదిరింది,” అంది. కళ్లు తుడుచుకుంది.

ఇన్నాళ్లూ దిగమింగుకున్నది అప్పుడు బయటికొచ్చింది అతనికి.

“మనకి పిల్లలా లేరు. నాకు నువ్వు, నీకు నేను. నువ్వుండగా నాకీ వంటెందుకు పరిమళా? నేనంటే అంత ఇసుగొచ్చీసిందా?”

ఆమె అతని ఛాతీ మీది కుట్ల గీతను వేళ్లతో తాకింది.

“మీ ఆపరేషన్‌కి ముందే తెలిసిందండీ, నాకు క్యాన్సరని.”