ట్రైఫిల్ వాసన

"తీసి పారబొయ్యి!" జేబెజ్ పళ్లూ మీగడా వేసిన ట్రైఫిల్ గిన్నెను విసురుగా నెట్టాడు. "మెథడిస్టు గుడి గడప మందు దాటకూడదని తెలీదూ? కోతల పండుగ విందులో షెర్రీ వైన్ కంపా?"

టామ్సిన్ చెంచాలు తుడుస్తూనే ఉంది. "అరవకండి అన్నయ్యా. జనం వచ్చే వేళయింది."

"రానీ, వినాలి. మా ఆవిడ కెరెన్సా బతికున్నన్నాళ్లూ ఈ విందుకి తనే ట్రైఫిల్ చేసింది. ఏనాడైనా చుక్క కలిపిందా? అది పోయి ఏడాది కాలేదు, దాని చోటు నీలాంటి దానికిచ్చారు!"

మూల కూర్చున్న ముసలి పెర్సీ పకపకా నవ్వాడు. "ఒరే జేబెజ్, ఇంక చాల్లేరా."

"నీలాంటి దానికా?" టామ్సిన్ గుడ్డ బల్ల మీద కొట్టింది. "షెర్రీ ఎంత పొయ్యాలో నాకు నేర్పిందే వదిన. సీసా మా ఇంట్లోనే దాచుకునేది."

"అబద్ధం! ఏటేటా తిన్నాను. నా నాలుక్కి తెలీదా?"

"మీకు విడిగా, చిన్న కప్పులో చేసేది. తెలిస్తే ఇంట్లోంచి గెంటేస్తారని భయం. మీకు చెప్పబోమని గుడిలో అందరి చేతా ఒట్టు వేయించుకుంది."

పెర్సీ నవ్వు ఆపేశాడు.

జేబెజ్ బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ కప్పు అందరికంటే ముందు తన చేతికే వచ్చేది. పెళ్లాం ప్రేమ అది అనుకుని, గుడి మొత్తం చూసేలా ఆఖరి చెంచా దాకా తినేవాడు.

వాళ్లంతా చూసేవారు.