నాలుగో మొన

"ఇది కూడా పనికిరాదు బావూ," అన్నాడు కూర్మనాథం.

జగన్నాధానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెక్క కోసే మిల్లింగ్ మిషన్లలో పొద్దుటి నుంచి ఇది మూడోది. విజయనగరంలో గంటస్తంభం దగ్గర పాత మిషన్లు అమ్మే షాపు పెట్టి పన్నెండేళ్లయింది గాని, ఇలాంటి బేరం అతనికి ఎప్పుడూ తగల్లేదు.

"ఏటి దోషమో సెప్పు మేస్త్రీ. నాలుగు మొనలూ గీత గీసినట్టు సమానంగా తెగినాయి కదా!"

"అదే దోషం."

కూర్మనాథానిది బిలియర్డ్స్ ఆడే కర్రలు చేసే షాపు. ఊళ్లో అలాంటిది అదొక్కటే. తెల్లటి కర్రకి చేత్తో పట్టుకునే వైపు నల్లచేవ చెక్క అతుకుతారు. అతుకు ఊడకుండా ఆ నల్లచెక్క నాలుగు మొనలుగా తెల్లచెక్కలోకి దూరుతుంది. ఈ షాపు కర్రల్లో మాత్రం నాలుగో మొన బియ్యపుగింజంత పొట్టి. చేత్తో కోసేటప్పుడు పడే పొరపాటే అది. కాని ఆటగాళ్లు ఆ పొట్టిమొనను పైకి పెట్టుకుని గురి చూడటం మరిగారు. గెలిస్తే తమ గొప్ప, ఓడితే కర్ర తప్పు! ఆ గుర్తు లేని కర్రను ఇప్పుడు ముట్టుకోనంటారు.

విశాఖపట్నంలో ఒక క్లబ్బుకి ఎనిమిది కర్రలు కావాలి. వచ్చే ఆదివారం పోటీలు. మొన్న తెలిసినవాళ్ల మిషను మీద ఒకటి కోయించి పంపితే, సెక్రటరీ తిప్పి పంపేశాడు. 'ఇది మీ కర్ర కాదు. మీ కర్రే కావాలి. లేదంటే కలకత్తాకి రాసి తెప్పించుకుంటాం' అని చీటీ కూడా పెట్టాడు. ఆ క్లబ్బు పోతే మిగిలిన రెండు క్లబ్బులూ పోతాయి. ఇక షాపు మూసుకోవడమే.

"ఎనిమిది కర్రలకి మిషనెందుకు? ఎప్పటిలాగ సేత్తో కోసెయ్యొచ్చు కదేటి?" అన్నాడు జగన్నాధం.

కూర్మనాథం చేతులు రెండూ కండువా కింద పెట్టుకున్నాడు.

"నా వల్ల కాదు బావూ."

జగన్నాధం మెత్తబడ్డాడు. పదకొండు రోజుల కిందట కూర్మనాథం భార్య లక్ష్మీనరసమ్మకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట రావడం లేదు. ఇల్లాలు మంచాన పడితే ఏ మగాడు మాత్రం నిమ్మళంగా పని చేసుకోగలడు? పైగా ఆ షాపు ఆమె తండ్రిది. మగపిల్లలు లేక మేనల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకుని, బోర్డు మీద అతని పేరు రాయించి కన్నుమూశాడు.

"పోనీ, ఏ వాటంగా కోస్తావో ఒక్కసారి సూపించు. తగిన మిషను నానే సెప్తాను," అంటూ జగన్నాధం ఒక చెక్కముక్క, చిన్న రంపం అతని ముందు పెట్టాడు.

కూర్మనాథం రంపం వైపు చూశాడు. ముట్టుకోలేదు.

"ఒకరు సూస్తండగా కొయ్యకూడదని మా మావ మాట."

ఆ సంగతి ఊరందరికీ తెలిసిందే. వెనకగది తలుపు వేస్తే తప్ప ఆ షాపులో కోత మొదలవదు. జగన్నాధానికి మాత్రం విసుగొచ్చింది.

"తప్పు సెయ్యని మిషను కావాలంతారు ఎవులైనా. నువ్వు తప్పు సేసే మిషను కావాలంతన్నావు. ఎక్కణ్ణించి తెమ్మంతావు?"

కూర్మనాథానికి దుఃఖం ఆగలేదు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు మనిషి.

"తుక్కైనా సరే సూపించు బావూ. నీ కాళ్లు పట్టుకుంతాను. ఆ పొట్టిమొన పడితే సాలు. అది పోతే మా ఇంట్లో ఇంకేటీ మిగల్దు."

నిజంగానే వంగాడు. జగన్నాధం కంగారుగా వెనక్కి జరిగాడు.

పెరట్లో రేకుల కింద ఒకటి పడి ఉంది. కిందటేడు, అరవై ఏడులో, ఏదో మిల్లువాళ్లు వేలంలో వదిలించుకున్నది. చెక్కను బిగించి తిప్పే దిమ్మ అరిగిపోయింది. నాలుగో వైపు తిప్పేసరికి కాస్త జారుతుంది. ఈ జబ్బు చూసే ఎవరూ కొనలేదు.

మోటారు తగిలించారు. మిషను కీచుమంటూ లేచింది. జగన్నాధమే చెక్క బిగించి కోశాడు. మూడు మొనలు సమానంగా వచ్చాయి. నాలుగోది కోస్తుంటే దిమ్మ జారింది.

కూర్మనాథం జేబులోంచి పాత కర్రముక్క తీసి పక్కన పెట్టి చూశాడు. బియ్యపుగింజంత. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇదే! ఇదే బావూ!" అంటూ షాపు మధ్యలో నిలబడి బావురుమన్నాడు.

"ఎవులితోనూ అనకు మేస్త్రీ. తుక్కు అంటగట్టినానని నా పేరు పోద్ది," అన్నాడు జగన్నాధం.

ఆ మాట వినడానికి కూర్మనాథం అక్కడ లేడు. కోసిన ముక్క పట్టుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇంటికి పరుగులాంటి నడక నడుస్తున్నాడు.

లక్ష్మీనరసమ్మ నులకమంచం మీద పడుకుని తలుపు వైపే చూస్తోంది. అతను ఆ ముక్కను ఆమె ఎడమచేతిలో పెట్టాడు. ఆమె బొటనవేలితో మొనలు తడిమింది. ఒకటి. రెండు. మూడు. నాలుగోదాని దగ్గర వేలు ఆగింది. కళ్ల చివరి నుంచి నీళ్లు జారి దిండు తడిసింది.

"ఇరవై రెండేళ్లూ నువ్వెలగ కోసినావో అలగే కోసింది, సూడే నరసమ్మా!" అన్నాడు కూర్మనాథం, కాయలు కాసి చచ్చుబడిపోయిన ఆమె కుడిచేతిని తన మెత్తటి అరచేతుల్లోకి తీసుకుని.