మూలనున్న కంప్యూటర్

కంప్యూటర్ మళ్ళీ హ్యాంగయింది.

“ఇంత సేపు నింపిన అప్లికేషన్ మొత్తం పోయిందన్నా,” అంటూ కాలేజీ అమ్మాయి సాయిలక్ష్మి కుర్చీ వెనక్కి తోసి లేచింది. “రేపట్నుంచి ఎదురు సెంటర్‌కే పోతా.”

సలీం వంగి ఆ కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ ఆన్ చేశాడు.

చీరాల స్టేషన్ రోడ్డులో అతనిది చిన్న ఇంటర్నెట్ సెంటర్. ఉన్నవి నాలుగు కంప్యూటర్లు. నాలుగింటిలోనూ పాత విండోస్ నైన్టీ ఎయిటే.

కొత్తగా వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి మారమని గుంటూరు డీలరు నాగచైతన్య చాన్నాళ్ళుగా ఫోన్ చేస్తున్నాడు.

“అంత పోసి కొనడం అవసరమంటారా? ఏదో నడుస్తూనే ఉందిగా,” అన్నాడు సలీం.

“ఎక్కడ నడుస్తుందండీ? ఎదురు సెంటర్ వాళ్ళు మార్చేశారు. కుర్రాళ్ళంతా అటే పోతున్నారు. నాలుగూ ఒకేసారి మార్పిస్తే రేటు తగ్గిస్తా. ఒక్కటి వదిలినా ఆ రేటు రాదు.”

సలీం కొన్నాళ్ళు తర్జనభర్జన పడ్డాడు. చివరికి సరేనన్నాడు.

ఆ మాట విని దిగులుపడింది ఒక్కరే.

రోజూ మధ్యాహ్నం, సెంటర్ ఖాళీగా ఉండే వేళ ఒక పెద్దాయన వచ్చి మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఇంటర్నెట్ చూసేవాడు కాదు. ఒంటి వేలితో, మెల్లగా, తెలుగు టైపు చేసుకునేవాడు. అయ్యాక ఫ్లాపీలో ఎక్కించుకుని వెళ్ళిపోయేవాడు. ఆయన పేరేమిటో సలీం ఎప్పుడూ అడగలేదు.

“బాబూ, కొత్తది వేస్తే ఈ తెలుగు ఉంటుందా?”

“ఉండదు మాస్టారూ. ఈ తెలుగు సాఫ్ట్‌వేర్ బాగా పాతది. కొత్తదాంట్లో పనిచేయదంట.”

“ఈ ఒక్క కంప్యూటరూ ఇట్లాగే ఉంచరాదూ? అన్ని సెంటర్లూ తిరిగి, ఎక్కడా తెలుగు లేక ఇక్కడికొచ్చాను.”

“ఒకటి ఉంచితే మిగతా మూడింటికీ రేటు పెంచుతాడు. మీ ఒక్కరి కోసం ఎట్లా చెప్పండి. కాగితం మీద రాసుకోకూడదా?”

పెద్దాయన కుడిచెయ్యి చాపాడు. అది ఆగకుండా వణుకుతోంది.

“పెన్ను పడితే నా రాత నాకే అర్థం కాదు బాబూ.”

“పోనీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి.”

“వాళ్ళు చదువుకోలేరు.”

ఎవరు వాళ్ళు అని సలీం అడగబోయాడు. ఈలోగా ప్రింటవుట్ కోసం ఎవరో పిలిచారు.

తిరిగి చూసేసరికి మూల కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన మళ్ళీ రాలేదు.

కొత్త సిస్టమ్ బాగానే పనిచేసింది. కుర్రాళ్ళు తిరిగొచ్చారు. పెట్టిన డబ్బు దండగ కాలేదనుకున్నాడు సలీం.

ఇంటి సంగతే వేరుగా ఉంది.

ఏడో నెలలో కడుపులోని బిడ్డ పోయినప్పటి నుంచి అతని భార్య ఖుర్షిదా మంచం దిగేది కాదు. తల్లి చెప్పినా, డాక్టరు చెప్పినా వినలేదు. ఆమె విన్నది ఒక్కరి మాటే. గుంటూరు నుంచి వచ్చే వారపత్రికలో ఆడవాళ్ళ ఉత్తరాలకు జవాబులిచ్చే వెంకటేశ్వరమ్మ గారి మాట.

ఖుర్షిదా ఆవిడకు ఒక ఉత్తరం రాసింది. అప్పట్నుంచి ప్రతి వారం ‘చీరాల చెల్లెలికి’ అని నాలుగు ముక్కలుండేవి.

‘ఈ వారం వంట చేయకపోయినా ఫరవాలేదు. తల దువ్వుకో. వచ్చే వారం మళ్ళీ మాట్లాడుకుందాం.’

ఖుర్షిదా తల దువ్వుకుంది. తర్వాత వారం వాకిట్లోకొచ్చి నిలబడింది. ఒకరోజు టీ పెట్టి సలీం చేతికిచ్చింది. ఆ టీ తాగడానికి అతనికి చాలాసేపు పట్టింది.

అలాంటిది, ఉన్నట్టుండి ఆ జవాబులు ఆగిపోయాయి.

“ఏవండీ, ఈ వారం కూడా లేదు.”

“వస్తుందిలే.”

“నా ఏడుపు విని విని ఆవిడకి విసుగొచ్చిందేమో.”

“అట్లా ఎందుకనుకుంటావు? ఊరెళ్ళి ఉంటారు.”

రాలేదు. కొన్నాళ్ళకు ఖుర్షిదా పత్రిక తెరవడం మానేసింది. తర్వాత దువ్వెన ముట్టుకోవడం మానేసింది. సలీం అన్నం కలిపి నోటి దగ్గర పెడితే మొహం గోడవైపు తిప్పుకునేది. బతిమాలినా, కోప్పడినా ఇటు తిరిగేది కాదు.

సలీం సెంటర్‌కి తాళం వేసి గుంటూరు బస్సెక్కాడు.

పత్రిక ఆఫీసు మిర్చి యార్డుకి దగ్గర్లోనే. ఘాటుకి దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ మెట్లెక్కాడు. సబ్ ఎడిటర్ తోమా కుర్చీ చూపించాడు.

“వెంకటేశ్వరమ్మ గారి ఇల్లెక్కడో చెప్పండి,” అన్నాడు సలీం, కూర్చోకుండానే. “కాళ్ళు పట్టుకుంటా. మా ఆవిడకి ఇంకొక్కసారి రెండు మాటలు రాయమని అడుగుతా.”



“ఆవిడ పోయి చాలా ఏళ్ళయిందండీ.”

“మరి మొన్నటిదాకా జవాబులొచ్చాయిగా?”

“వచ్చాయి. తర్వాత రాయడం కుదర్లేదు. మా మనిషిని పంపిస్తాం, మీరు నోటితో చెప్పండి, అతను రాసుకుంటాడని అన్నాం. ఒప్పుకోలేదు. ఆ పిల్లలు నమ్మి చెప్పుకున్నవి మూడో మనిషి చెవిన పడకూడదన్నారు. ఉత్తరాలు మాత్రం వస్తూనే ఉండేవి. జవాబు చెప్పలేకపోతున్నానని బెంగపెట్టుకున్నారు. పోయిన నెల ఆయన కూడా పోయారు.”

“ఆయనా? ఆయనెవరు?”

తోమా కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

“ఆవిడ భర్తండీ, ఆవిడ పోయాక ఆ పేరుతో ఆయనే రాసేవారు, మీ చీరాల స్టేషన్ రోడ్డులో తెలుగు టైపు చేసుకునే కంప్యూటర్ ఒకటి ఉన్నన్నాళ్ళూ.”